మాటలో దాగిన వస్త్రం

మోత్కూర్,
3 జులై 2023

నా మేనకోడలు పిల్ల స్నేహలతకు,

హాస్టల్ తిండి పడుతోందా? మీ కాలేజీలో సెల్‌ఫోన్ దగ్గర ఉంచుకోనివ్వరు కాబట్టి ఈ మేనత్తకు మళ్ళీ చేతిరాత అలవాటైంది. తప్పులుంటే నవ్వుకో, ఎవరికీ చూపించకు.

ఒక పని పడింది. మొన్న పోస్ట్‌మ్యాన్ హనుమంతు నా పేరు మీద రిజిస్టర్ కవరు తెచ్చాడు. హైదరాబాద్ నుంచి, నేతకళా పరిషత్తు అట. అంతా ఇంగ్లీషు. నా పేరు, మన ఊరి పేరు తప్ప ఏమీ అర్థం కాలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే ఒక మాట రెండుసార్లు కనపడింది. ఇన్వెస్ట్! నాలుగేళ్ల కింద మీ బాపు ఏదో కంపెనీలో డబ్బు కట్టి పోగొట్టుకున్నప్పటి నుంచి ఆ మాట వింటేనే ఆయనకు అన్నం సయించదు కదా. అందుకే ఆయనకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

వాడలో ఎవరికైనా చూపిస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకని కవరును మగ్గం గుంటలో, నా కాళ్ల దగ్గర పాత సంచి కింద దాచాను. జానక్కకు కూడా చెప్పలేదంటే చూడు. పొద్దున లేచింది మొదలు నా పక్కనే కూర్చుని రంగు అంటకుండా నూలుకు ముడులు కట్టే మనిషి, నా సొంత యారాలు, మీ మామకు వదిన, ఆమె దగ్గర దాచడం ఇదే మొదటిసారి.

మొత్తం దించే ఓపిక లేక ఆ మాట ఉన్న ఒక్క వరుస మాత్రం దించి ఈ కవరులో పెట్టాను. కింద జులై 25 అని ఒక తారీఖు కూడా ఉంది. ఆ రోజు లోపల ఏం చేయాలో, చేయకపోతే ఏమవుతుందో తొందరగా రాయి.

నీ అత్త
మల్లీశ్వరి

*

నల్గొండ,
8 జులై 2023

అత్తా, నమస్తే!

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇచ్చారు. చదవగానే ప్లేటు కడగకుండా లైబ్రరీకి పరుగెత్తాను. మానస కూడా నా వెనకే వచ్చింది. (మానస ఎవరో గుర్తుందా? నా పక్క మంచం. నువ్వు పంపిన సకినాలు సగం తిన్నది ఆమే.)

నువ్వు దించిన వరుస ఇది: "యూ విల్ బి ఇన్వెస్టెడ్ విత్ ద". అక్కడికి వరుస అయిపోయింది. దేనితోనో మాత్రం తర్వాతి వరుసలో ఉండిపోయింది! ఇంకో రెండు మాటలు దించితే నీ చేయి అరిగిపోయేదా అత్తా?

సరే, మా లైబ్రరీ డిక్షనరీలో రెండు అర్థాలు దొరికాయి. మొదటిది నువ్వు భయపడిందే, లాభం కోసం డబ్బు పెట్టడం. రెండోది చూసి మేమిద్దరం నోళ్లు వెళ్లబెట్టాం. సైన్యంతో కోటను ముట్టడించడం! వాక్యం ప్రకారం చూస్తే నువ్వు పెట్టడం కాదు, నిన్నే ఎవరో ఏదో చేస్తారు. అంటే నిన్ను ముట్టడిస్తారన్నమాట. "ముందుగాల పైసలు వెట్టమంటరు, వెట్టకపోతే ఇంటి మీదికొచ్చి చుట్టుముడ్తరేమో" అని మానస తేల్చింది. నాకూ అదే నిజమనిపిస్తోంది.

మా ఇంగ్లీషు ఎస్తేరు మేడం ట్రైనింగ్‌కు పోయారు, 17న గానీ రారు. ఆమె ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఎవరైనా వస్తే మామను ముందు నిలబెట్టు.

భయంగానూ ఉంది, భలేగానూ ఉంది. వెంటనే జవాబు రాయి.

నీ స్నేహ

*

మోత్కూర్,
14 జులై 2023

స్నేహా,

నీ ఉత్తరం అందిన రోజే ఆ పరిషత్తు వాళ్లకు జవాబు పంపించేశాను. భయపడుతూ కూర్చునే మనిషినా నేను? కాగితం నకలు నీకోసం రాసి ఉంచాను, చదువు:

"అయ్యా, మీ కాగితం అందింది. మా దగ్గర పెట్టడానికి పైసలు లేవు. మీరు ముట్టడించడానికి కోట కూడా లేదు. ఉన్నవి రెండు మగ్గాలు. వాటి జోలికి వస్తే మా వాడ మొత్తం మగ్గాలు దిగి బయటికి వస్తుంది. ఇకమీదట నాకు కాగితాలు పంపకండి. పంపినా తెలుగులో పంపండి, తిట్టడానికి వీలుగా ఉంటుంది. ఇట్లు, మల్లీశ్వరి."

ఎట్లా ఉంది? పోస్టులో వేసి వచ్చాక చెరువు కట్ట తెగి నీళ్లు పోయినట్టు మనసు తేలికపడింది. ఆ పూట మూడు మూరలు నేశాను.

ఒక్కటే చికాకు. కవరును తీసి చూసుకుంటుంటే జానక్క కంట్లో పడింది. "ఏం కాయిదమే అది?" అని అడిగింది. నోటికొచ్చినట్టు "కరెంటు బిల్లక్కా" అన్నాను. కరెంటు బిల్లుకు అంత మంచి కవరు ఉండదని ఆమెకు తెలియదా? రబ్బరు ముక్కతో ముడి బిగిస్తూ తల వంచుకుంది. ఆమె మెడ ఎట్లాగూ పూర్తిగా తిరగదు కదా, ఏమనుకుందో మొహం కనపడలేదు.

మానసకు సకినాలు మళ్ళీ పంపుతానని చెప్పు.

ధైర్యంగా ఉన్న
నీ అత్త

*

నల్గొండ,
19 జులై 2023

అత్తా! అత్తా! అత్తా!

ఎంత పని చేశావు! కాదు, చేయించింది నేనే. మేడం ఫోన్ నుంచి చేస్తే మామ ఫోన్ కలవలేదు. ముందు ఈ కవరు వెనక రాసిన నంబరుకు ఫోన్ చెయ్యి. తర్వాత మిగతా ఉత్తరం చదువుకో.

చేశావా? ఇక విను. ఎస్తేరు మేడం వచ్చారు. నీ వరుస చూపించి, డబ్బు, ముట్టడి అని మా రెండు అర్థాలూ చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత తన ఫోన్‌లో ఆ పరిషత్తు పేరు వెతికారు. ఏడుగురి పేర్లున్న జాబితా వచ్చింది. మూడో పేరు నీది! ఈ ఏడాది 'నేత ప్రవీణ' బిరుదు నీకు ఇస్తున్నారు అత్తా! ఆ మాటకు ఇక్కడున్న అర్థం బిరుదు ఇవ్వడం, పదవిలో కూర్చోబెట్టడం. మా చిన్న డిక్షనరీలో అది లేదు.

అసలు సంగతి ఇంకా ఉంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో మేడం బోర్డు మీద రాసి చూపించారు. లాటిన్ అని రోమన్ల పాత భాష ఉంది. అందులో 'వెస్టిస్' అంటే బట్ట. దాని నుంచి వచ్చిన ఇన్వెస్ట్ అంటే మొదట్లో బట్ట తొడగడం, అంతే! పాతకాలంలో ఎవరికైనా పెద్ద పదవి ఇస్తే దానికి తగిన ఉడుపులు తొడిగేవారట. అట్లా బట్ట తొడగడమే గౌరవం ఇవ్వడం అయిపోయింది. కోట చుట్టూ సైన్యం బట్ట చుట్టినట్టు చుట్టుకుంటుంది కాబట్టి ముట్టడికీ అదే మాట. డబ్బుకు కొత్త వేషం వేసి వేరే రూపంలోకి మారుస్తాం కాబట్టి పెట్టుబడికీ అదే మాట!

అన్నీ చెప్పాక మేడం నా వైపు తిరిగి, "వెస్టిస్ అనే మాట వింటుంటే తెలుగులో నీకేం గుర్తొస్తాంది?" అని అడిగారు. నేను ఆలోచిస్తుంటే వెనక నుంచి మానస అరిచింది, "వస్త్రం!" అని. నిజమే అత్తా. సంస్కృతంలోని వస్త్రానికీ లాటిన్‌లోని వెస్టిస్‌కూ మూలం ఒక్కటేనట. వేల ఏళ్ల కింద విడిపోయిన అక్కచెల్లెళ్లట. అంటే ఇంగ్లీషు వాళ్లు బిరుదు ఇచ్చేటప్పుడు వాడే మాటను విప్పి చూస్తే లోపల బట్ట ఉంది. నువ్వు రోజూ నేసేదే!

25వ తారీఖు లోపల బిరుదు తీసుకుంటానని చెప్పాలి. నువ్వేమో తిడుతూ రాశావు. ఫోన్ చెయ్యకపోయి ఉంటే ఇప్పుడైనా లే!

ఈ ఉత్తరం పట్టుకుని పోస్టుకు పరుగెత్తుతున్న
నీ స్నేహ

*

మోత్కూర్,
25 జులై 2023

నా బంగారు తల్లీ,

నీ ఉత్తరం 22న వచ్చింది. మగ్గం మీద నుంచి లేవబోయి కాలు జారి గుంటలోనే పడ్డాను. మీ మామ ఫోన్ కలిపి ఇచ్చాడు. ఎత్తినాయన పేరు ప్రేమ్‌సాగర్, ఆ పరిషత్తు కార్యదర్శి. నా పేరు చెప్పగానే, "ఆ ఉత్తరం రాసింది మీరేనా అమ్మా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

"తప్పయింది సారూ, ఆ మాట మాకు సమజ్ గాలె" అన్నాను.

"తప్పు మాది. నేసెటోళ్లకు ఇంగ్లీషుల రాసుడేంది? మీ కాయిదం మా ఆఫీసుల గోడకు అంటువెట్టినం. వచ్చే యేడాది నుంచి అన్నీ తెలుగులనే పోతయ్" అన్నాడు. బిరుదు నాదేనట! ఆగస్టు 27, ఆదివారం, నల్గొండలో సభ.

ఇక మా వాడ చూడాలి! మీ మామ లుంగీ మీదనే మిఠాయి దుకాణానికి పరుగెత్తాడు. మీ బాపును పిలిపించి చెబుదామని "దామోదరన్నా, నన్ను ఇన్వెస్ట్ చేస్తరట" అన్నాను. ఆయన అరుగు మీద కూలబడి, "ఎంత గట్టినవే?" అన్నాడు! నీ ఉత్తరం చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివాడు. "గీ మాటకు గింత మంచి అర్థం గూడ ఉన్నదా!" అని నవ్వాడు. ఎన్నాళ్లయింది మీ బాపు అట్లా నవ్వి!

ఇంత సంబరంలో ఒక ముల్లు గుచ్చుకుంటోంది. సంగతి తెలిసిన రోజు నుంచి జానక్క మా ఇంటికి రావడం లేదు. ముడులు కట్టిన నూలును పొద్దున్నే గడప దగ్గర పెట్టి పోతోంది. పక్క ఇల్లే కదా, పిలిస్తే "ఒంట్ల బాగలేదు" అంటోంది. మిఠాయి పంపితే తీసుకుంది గానీ ఒక్క మాట పంపలేదు.

ఎందుకంటావు?

నీ మల్లీశ్వరత్త

*

నల్గొండ,
30 జులై 2023

నేత ప్రవీణ మల్లీశ్వరి గారికి,

ఇట్లా రాయాలని నీ ఉత్తరం అందినప్పటి నుంచి తహతహలాడుతున్నాను!

ఎస్తేరు మేడం నన్ను ప్రార్థన సమయంలో ఈ మాట గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పారు. ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఏటా మన దేశంలో కొని ఓడల్లో పంపే సరుకును 'ఇన్వెస్ట్‌మెంట్' అనే పిలిచేవారట. ఆ సరుకులో ఎక్కువ భాగం బట్టలే. అంటే డబ్బు అర్థంలో కూడా ఈ మాట మన నేతగాళ్ల గడప తొక్కి పోయిందన్నమాట! మాట ఎటు తిప్పినా బట్టే కనపడుతోంది.

జానమ్మ పెద్దత్త సంగతి నాకైతే తెలిసిపోయింది. కుళ్లు! నీకు పేరొచ్చిందని కడుపుమంట. పక్కన కూర్చుని పనిచేసే వాళ్లకే ఎక్కువ మండుతుందని మానస కూడా అంది. నువ్వు బాధపడకు. పోయి ముఖం మీదే అడిగెయ్యి.

గర్వంతో ఉబ్బిపోయిన
స్నేహలత

*

మోత్కూర్,
6 ఆగస్టు 2023

స్నేహా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నీ మాట పట్టుకుని పోయి అడిగాను. తప్పు నీ మీద తోయడం లేదు, నోరు నాది. జానక్క గోడకు ఆనుకుని మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆ కాళ్లు ఎట్లాగూ చాపడానికి రావు. మర్రిగూడ దిక్కు పుట్టిన మనిషి, చిన్నప్పటి నుంచి ఆ ఫ్లోరైడ్ నీళ్లే తాగి, పెళ్లయి వచ్చిన కొన్నేళ్లకే వెన్ను వంగిపోయింది. మగ్గం గుంటలోకి దిగలేదు గనక ముడులు కట్టడం పట్టుకుంది. ఏ పోగు ఎక్కడ కడితే బట్ట మీద ఏ పువ్వు పడుతుందో ఆమె తలలో ఉంటుంది, కాగితం మీద గీత కూడా ఉండదు. ఇదంతా తెలిసి కూడా నేను, "నాకు పేరొచ్చిందని కడుపు మండుతాందా అక్కా?" అన్నాను.

ఆమె కోపం చేసుకోలేదు. చేసుకుంటే బాగుండేది.

"కవరు దాస్తివి. కరెంటు బిల్లంటివి. నా దగ్గర దాసేటిదేమున్నదే మల్లీ?" అంది.

మోసపు కాగితమేమోనని భయపడి దాచానని, మీ బాపు సంగతీ, నీ డిక్షనరీ సంగతీ అంతా చెప్పాను. ముట్టడి దగ్గర కొంచెం నవ్వింది. ఆ తర్వాత అడిగింది, "సరే, గది ఇడిసిపెట్టు. రెండేండ్ల కింద ఎవలో వచ్చి బట్టకు ఫొటోలు తీసుకపోయిన్రు గద, వాళ్లేనట ఈ పరిషత్తోళ్లు. పేరు రాసుకుంటమంటే ఒక్క నీ పేరే జెప్పినవ్. ఎందుకు?"

నిజం చెప్పక తప్పలేదు. "పదకొండేండ్లాయె నువ్వు వాడ దాటక. పెండ్లిండ్లకే రావు, నలుగురు జూస్తరని. ఎవలన్న పిలిచినా ఏం వస్తవని నేనే అనుకున్న" అన్నాను.

"రాననుకుంటివి. అడిగితే గద నేను వస్తనో రానో జెప్పేది. అడగనే అడగకపోతివి."

అంతే అంది. తిరిగి నూలు చేతిలోకి తీసుకుంది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె మీద జాలితోనే చేశానని ఇన్నాళ్లు అనుకున్నాను స్నేహా. ఆమె నోటిలోని మాట నేను లాక్కున్నానని ఆ రోజు తెలిసింది.

ఇంటికి వచ్చి ప్రేమ్‌సాగర్ సార్‌కు ఫోన్ చేశాను. ఒక్కో బిరుదు ఒక్కరికే ఇచ్చే పద్ధతి అట, జాబితా అచ్చయిపోయిందట. రాసి పంపండి, చూస్తాం అన్నాడు. రాశాను. ఈసారి తిట్లు లేవు. "కట్టిన చేతులు జానమ్మవి, నేసిన చేతులు నావి. రెండు పేర్లూ ఉండకపోతే నా పేరు కూడా తీసేయండి" అని రాశాను. జానక్కకు చెప్పలేదు.

అత్త

*

నల్గొండ,
12 ఆగస్టు 2023

అత్తా,

కుళ్లు అనే మాట రాసిన చేయిని ఏం చేసుకోను? మనిషిని చూడకుండా, నీ నాలుగు వరుసలు చదివి తీర్పు చెప్పేశాను. పెద్దత్తకు నా తరఫున తప్పయిందని చెప్పు. వద్దు, నేనే చెబుతాను, కలిసినప్పుడు.

నిన్న ప్రార్థనలో మాట్లాడాను. కంపెనీ సంగతి చెప్పాక, రాసుకున్నది పక్కన పెట్టి పెద్దత్త గురించి చెప్పాను. నూలుకు ముందు ముడి పడకపోతే బట్ట మీద పువ్వు పడదని, బట్ట చూసేవాళ్లకు ఆ ముడి కనపడదని. మర్రిగూడ నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు తర్వాత నా దగ్గరికి వచ్చి, వాళ్ల అవ్వల మోకాళ్లు కూడా అట్లాగే ఉంటాయని చెప్పి చాలాసేపు నిలబడ్డారు.

సభకు రావడానికి నాకు అనుమతి ఇవ్వలేదు. మరుసటి రోజు నుంచే పరీక్షలు. ఊర్లోనే ఉండి రాలేకపోతున్నాను!

పరిషత్తు వాళ్లు ఏమన్నారు? ఒకటి అడగాలి. నీ పేరు తీసేయమని రాసిన సంగతి పెద్దత్తకు చెప్పలేదన్నావు. మళ్ళీ దాస్తున్నావు అత్తా.

స్నేహ

*

మోత్కూర్,
30 ఆగస్టు 2023

స్నేహా, నా తల్లీ,

పరీక్షల మధ్య ఇంత పొడవు ఉత్తరం రాయకూడదు. కానీ రాయకపోతే నేను పగిలిపోయేట్టున్నాను!

నీ చివరి వరుస చదివిన వెంటనే పోయి జానక్కకు చెప్పేశాను. చేతిలోని నూలు కట్ట నా మీదికి విసిరింది. "పిస్సదానా! నా పేరు కోసం నీ పేరు గూడ తుడుపుకుంటవా? ఇద్దరం లేకుంటబోతే ఎవలకు లాభం?" అని వాడంతా వినేట్టు తిట్టింది. ఆ తిట్లు ఎంత హాయిగా ఉన్నాయో! మరునాడు పొద్దున తన పీట తనే జరుపుకుంటూ వచ్చి నా మగ్గం పక్కన కూర్చుంది.

20న ప్రేమ్‌సాగర్ సార్ చెప్పకుండా ఇంటికి వచ్చాడు. జానక్క పక్కన గంటసేపు కూర్చున్నాడు. తనూ ఒక ముడి కడతానన్నాడు. మూడుసార్లు కట్టాడు, మూడుసార్లూ జారిపోయింది. "చదువుకున్న చేతులు" అని జానక్క వాటిని పక్కకు నెట్టింది. పేరు సంగతి అడిగితే మాత్రం, "మా కమిటీల పెద్దలున్నరు, వాళ్లను ఒప్పియ్యాలె" అని వెళ్లిపోయాడు. సభ రోజు దాకా ఏ కబురూ లేదు.

అయినా ఇద్దరం బయల్దేరాం. బస్సు మెట్టు ఎక్కించడానికి మీ మామ, మీ బాపు చెరో పక్క పట్టుకున్నారు. హాల్లో ఒకమ్మాయి అచ్చు కాగితం ఇచ్చింది. అందులో ఒక్క నా పేరే! "పిలిస్తే లేవను అక్కా" అన్నాను. ఆమె నా తొడ మీద గిల్లింది, ఇప్పటికీ కమిలి ఉంది.

రెండు పేర్లు పిలిచారు, ఇద్దరు పోయి తీసుకుని వచ్చారు. మూడోసారి ప్రేమ్‌సాగర్ సారే మైకు అందుకున్నాడు. "మోత్కూర్ నుంచి, మల్లీశ్వరి..." అని ఆగాడు. "జానమ్మ" అన్నాడు.

అరిచానట. నాకు గుర్తు లేదు, మీ బాపు చెప్పాడు.

వేదికకు ఐదు మెట్లు. ఒకతను పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మీరు కిందనే కూసోన్రి, శాలువా ఈడికే తెస్తం" అన్నాడు. జానక్క అతన్ని కింది నుంచి పైకి చూసింది. "పిలిచింది మీదికి. మీదికే వస్త" అంది. నా భుజం మీద ఒక చేయి, గోడ మీద ఒక చేయి పెట్టి, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టుకుంటూ ఎక్కింది. రెండో మెట్టు దగ్గర ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఐదో మెట్టుకు అందరూ లేచి నిలబడ్డారు. ఆమె అరచేతి చెమట నా జాకెట్టు దాటి భుజానికి తగులుతోంది. ఎంత భయపడిందో నాకొక్కదానికే తెలుసు.

ముఖ్య అతిథి ఒక ముసలి పంతులమ్మ. ముందు నాకు, తర్వాత జానక్కకు శాలువా కప్పింది. జానక్క మెడ తిప్పలేదు కాబట్టి అంచును ముందుకు లాక్కుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. మైకు పక్కనే ఉందని ఆమెకు తెలియదు.

"ఇది మిల్లు బట్టనే మల్లీ!"

హాలు మొత్తం విన్నది. ఇక నవ్వులే నవ్వులు! ముందు వరుసలో ఉన్న నేతగాళ్లయితే బల్లలు చరిచారు. ప్రేమ్‌సాగర్ సార్ ముఖం ఎర్రబడింది. జానక్క తగ్గిందా? మైకు వైపు జరిగి ఈసారి తెలిసే అంది, "నేసెటోళ్లకు మిల్లు బట్ట గప్పుడేంది సారూ? వచ్చే యేడు మాకు జెప్పున్రి. నేను గడ్త, ఇది నేస్తది."

"తప్పకుంట చెప్తమమ్మా" అని ఆయన అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ పంతులమ్మ జానక్క రెండు చేతులూ పట్టుకుని ఒక్కో వేలూ విప్పి చూసింది. రబ్బరు బిగించీ బిగించీ కాయలు కాచిన వేళ్లు. నేను చూడలేక పక్కకు తిరిగాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు తనకే కావాలంది జానక్క. అందరూ ఆమె వంగిన వీపునూ, ఒడిలో ఉన్న, సభలో ఇచ్చిన జ్ఞాపికనూ చూస్తున్నారు. కప్పుకో అక్కా అని కొంగు సర్దబోయాను. "సూడనీ" అంది. దారి పొడుగునా పత్తి చేలను, కొత్తగా కట్టిన ఇళ్లను, ప్రతి బోర్డును చూపించి ఇదేమిటి, అదేమిటి అని అడుగుతూనే ఉంది. పదకొండేళ్లలో ఎన్ని మారాయో!

సెప్టెంబర్ 10, రెండో ఆదివారం, మీ కాలేజీలో కలవనిచ్చే రోజు. నేను వస్తున్నానంటే తనూ వస్తానంది. ఆ మర్రిగూడ అమ్మాయిలను చూడాలట, వాళ్లది ఏ ఊరో, ఎవరి మనవరాళ్లో అడగాలట. నీతోనూ రెండు మాటలున్నాయట. తిట్లయితే తిను. మీ గేటు దగ్గర మెట్లు ఉన్నాయేమో కనుక్కొని రాయమంది. ఉన్నా ఫరవాలేదు, ముందుగా తెలిస్తే ఒక బస్సు ముందు బయల్దేరుదామని అంటోంది.

నీ అత్త మల్లీశ్వరి,
పక్కన కూర్చుని అన్నీ రాశావా లేదా అని అడుగుతున్న నీ పెద్దత్త జానమ్మ